సొంత వాడకం

నెబ్రాస్కాలో ఓ చిన్న ఊళ్ళో ఆటసామాన్ల కొట్టు నడిపే ఎల్మర్ వోండ్రాకి పన్నుల ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ఫోను మోగి చాలా రోజులైంది కనుక పరిగెత్తుకెళ్ళి ఎత్తాడు. ఎత్తాక మాత్రం కసురుకున్నాడు.

"ఏమిటమ్మాయ్, సున్నా రాయడం కూడా తప్పేనా?"

"అది కాదు సార్," అంది మార్లిస్ అనే గుమాస్తా. "పన్ను ఫారంలో అమ్మకాల దగ్గర సున్నా వేసి, సొంత వాడకం దగ్గర పన్ను రాశారు. గడి మారిందేమోనని అడుగుతున్నా."

"ఏం మారలేదు. అమ్ముతానని పన్ను లేకుండా కొన్న సరుకు నేనే వాడుకుంటే పన్ను కట్టాలా, వద్దా? కొట్లోంచి చెకర్స్ ఆట ఒకటి తీసుకున్నాను."

"అందరూ ఎగ్గొట్టేది అదే సార్! మీరు అదొక్కటే కట్టారు." ఆమె నవ్వింది. "అది ఇద్దరాడే ఆట కదా, ఇంట్లో ఎవరితో ఆడతారు?"

"ఇంట్లో ఎవరున్నారు నా మొహం! కొట్లోనే, వాకిలి పక్కన పరిచి రెండు కుర్చీలేశాను. ఎవరైనా వస్తే కూర్చుంటారని."

"వస్తున్నారా?"

"రాకేం? కరెంటు మీటరు చూసేవాడు వచ్చాడు. పని తొందరట, నిలబడే ఒక పావు జరిపి వెళ్ళిపోయాడు. నేనూ ఒకటి జరిపాను. ఇక వంతు వాడిదే."

"మళ్ళీ ఎప్పుడొస్తాడు?"

"మీటరు చూడ్డానికి నెలకోసారేగా వచ్చేది!"

"మీ లెక్క సరిగ్గానే ఉంది సార్," అని మార్లిస్ ఫోను పెట్టేసింది.

ఎల్మర్ గుడ్డ తీసుకుని, పావులేవీ కదలకుండా, వాటి చుట్టూ దుమ్ము తుడిచాడు.