చేజారిన ఆఖరి పాదం

ఆ ఆదివారం పొద్దున్నుంచీ లిబార్దోకి కాలు ఒకచోట నిలవడం లేదు. లోపల మంచం మీద అన్న ఒవీదియో ఒక చెయ్యి చొక్కాలో దూర్చి, రెండో చేతి సంగతి మరిచిపోయి గోడకేసి చూస్తున్నాడు. అమ్మకీ ఇలాగే మొదలైంది, నలభై అయిదు దాటగానే. అంగోస్తూరా కొండల్లో దాన్ని బోబెరా అంటారు, వెర్రితనమని. కొన్ని కుటుంబాల రక్తంలోనే దిగుతుంది. లిబార్దోకి ఇప్పుడు నలభై ఆరు.

"మెదెయీన్ పట్నంలో డాక్టరమ్మ దగ్గరికి ఒక్కసారి వెళ్దాం రారా," అంది అక్క నూబియా, పెనం మీద మాడిన మొక్కజొన్న రొట్టె, అరేపాని గీకుతూ. దాన్ని పెట్టి మరిచిపోయింది లిబార్దోనే.

"వాళ్ళకేం! పరిశోధన అంటూ బతికుండగా రక్తం తీస్తారు, చచ్చాక మెదడు. పశువుల సంతే నయం. అయినా మరుపు ఎవరికి లేదు? నాతో పందెం పాడే ఆ ముసలాడు ఆర్నూబియోకి లేదూ?"

"ఆయనది పక్షవాతం తెచ్చిన మరుపు. ఆగి ఆగి అయినా అందుకుంటాడు. మనింట్లోది అలా కాదు, పట్టుకున్నదే జారిపోతుంది."

"అయితే ఇవాళ వచ్చి చూడు. పాట పందెంలో పాదం జారితే అప్పుడే తీసుకెళ్ళు."

సాయంత్రానికి సారా కొట్టు కిక్కిరిసింది. గిటారు మోగుతుంటే కొట్టు యజమాని ఆఖరి పాదం ఇస్తాడు. మూడు పాదాలు అప్పటికప్పుడు కట్టి దాని మీదికొచ్చి వాలాలి. ఒకడు పాడాక రెండోవాడూ అదే పాదానికి పాడాలి. ఎదుటివాణ్ణి ఎంత గిల్లితే అంత చప్పట్లు. లిబార్దో పెళ్ళాం లారీ డ్రైవరుతో వెళ్ళిపోయిన వారమే దాని మీద పాట కట్టిన మనిషి ఆర్నూబియో. జాలి అనేది ఆ ముసలాడి ఒంట్లో లేదు.

మొదటి పాదం: "ఈ వాన ఇవాళ ఆగేలా లేదు." ఇద్దరూ దాటేశారు. ఆర్నూబియో వేళ్ళు మడుచుకుంటూ, గొణుక్కుంటూ, చాలాసేపు తీసుకున్నాడు.

"తాతా, తెల్లారుతోంది!" అని ఎవడో అరిచాడు.

రెండో పాదం: "బరువెంతో కంచరగాడిదకే ఎరుక."

లిబార్దో ఆగలేదు. ఆగితే పోతుందని భయం.

"ఆర్నూబియో పాడాలంటే ముందు దగ్గాలి గనక,
పాట గొంతు దాటేసరికి పెళ్ళికొస్తుంది చిలక..."

నవ్వులు. ఆ నవ్వుల్లోనే లోపల ఏదో ఖాళీ అయింది. నోరు మాత్రం ఆగలేదు.

"గొడుగిచ్చి పంపండిరా, ముసలాడికి దిక్కు లేదు,
ఈ వాన ఇవాళ ఆగేలా లేదు!"

కొట్టు దద్దరిల్లింది. "పాత పాదమే తెచ్చి ముడేశాడ్రోయ్! కావాలనే!" అని బల్లలు చరిచారు. నూబియా ఒక్కతే నవ్వలేదు.

అప్పుడు వినపడింది లిబార్దోకి. పక్కనే ఆర్నూబియో చూపుడువేలు బిగించి పట్టుకుని గొణుగుతున్నాడు: "కంచరగాడిదకే ఎరుక... కంచరగాడిదకే ఎరుక..." వాలాల్సింది దాని మీద, తను వాలింది పాత పాదం మీద. ముసలాడు ఇప్పుడు చీల్చి చెండాడతాడు, ఊరంతా వింటుంది.

ఆర్నూబియో అతని మొహంలోకి ఒకసారి చూశాడు. బిగించిన వేలు వదిలేశాడు. గొంతు సవరించుకుని, తన మోకాళ్ళ నొప్పుల గురించి ఏదో పాడి, వాన మీదికే వచ్చి వాలాడు.

"ముసలోడు నిజంగానే మర్చిపోయాడ్రా! పక్షవాతం దెబ్బ!" జనం పడీ పడీ నవ్వారు. ఆర్నూబియో తల వంచుకుని సోంపు సారా అందుకున్నాడు.

లిబార్దో అతని మణికట్టు పట్టుకున్నాడు. "ఎందుకలా పాడావ్?"

"మర్చిపోయాను. విన్లేదా, అందరూ అంటుంటే?"

"అబద్ధాలాడకు. నన్ను తిట్టు. ఎప్పట్లాగే తిట్టు!"

"ఇంకో రోజు తిడతాలే, బాబూ."

ఇన్నేళ్ళలో ఆ నోట బాబూ అన్న మాట ఎన్నడూ రాలేదు. తిట్టయితే లిబార్దో బదులు కట్టేవాడు. మణికట్టు వదిలేసి లేచాడు.

బయట మెట్ల మీద నూబియా తమ్ముడి చెయ్యి పట్టుకోబోయింది. విదిలించాడు.

"మెదెయీన్‌కి ఎప్పుడు బయల్దేరదాం?" అన్నాడు. "ముందే చెప్తున్నా, దారి పొడుగునా నన్ను ఓదార్చావంటే బస్సు దిగిపోతాను."