ఊపిరాడే గోడ

ఐర్లండ్‌కు పడమటి కొసన ఉన్న ఆ రాతి దీవిలో కోల్మన్ తాత చెప్పే మాటల్లో ముప్పాతిక అబద్ధాలేనని నింకే మొదటిరోజే తేల్చేసుకుంది.

నింకే హాలండ్ పిల్ల. ఇంజినీరింగ్ చదువుతోంది. తుపానులకు పడిపోయిన పొలం గోడలను తిరిగి నిలబెట్టే సేవ కోసం, తన కాలేజీ వాళ్లు మరో ఏడుగురితో రెండు వారాలకు వచ్చింది. కూలి లేదు. పూటకిన్ని బంగాళదుంపలు, ఓ చేపముక్క, అడిగినంత టీ.

"ఇక్కడి గాలి సంగతి నీకు తెలీదే అమ్మాయ్," అన్నాడు తాత, రాయి మీద రాయి పేరుస్తూ. "మా తాత గాడిదను ఎత్తుకుపోయి అమెరికాలో దింపింది. తిరుగుగాలికి మళ్లీ వచ్చేసిందనుకో, గిట్టలకు కొత్త నాడాలతో."

"నాడాలు ఎవరు కొట్టించారు తాతా?"

"అడిగాం. చెప్పలేదు. ఊళ్లు తిరిగొచ్చిన పొగరు."

అదే గొంతుతో, అదే మొహంతో ఇంకో మాట కూడా అన్నాడు: "సందులు మాత్రం పూడ్చకు. గోడకు ఊపిరాడాలి."

నింకే ఆ మాటనూ తీసుకెళ్లి గాడిద పక్కనే కట్టేసింది.

సున్నం లేదు, సిమెంటు లేదు. ఒంటివరస రాళ్లు, వాటి మధ్య పిడికిలి దూరేంత సందులు, సందుల్లోంచి సముద్రం. కట్టలు పోసి కడలిని ఆపుకుని బతికే దేశం పిల్లకు కన్నం కనబడితే చెయ్యి ఊరుకుంటుందా? ఆదివారం తాత చర్చికి వెళ్లగానే, వచ్చేసరికి ఆశ్చర్యపరుద్దామని, అందరినీ కూడగట్టి పది గజాల గోడకు చిన్నరాళ్లు దట్టించింది. చీమ దూరే చోటు మిగల్చలేదు.

మధ్యాహ్నానికి సముద్రం మీంచి గాలి లేచింది.

తాతకున్నది ఒక్కటే ఆవు, డ్రిమిన్. నిండు చూలుతో ఉంది. గాలి తగలని చోటు కోసం పొలమంతా వెతికి, సరిగ్గా ఆ పది గజాల వారనే పడుకుంది. తాత వచ్చేసరికి నొప్పులు మొదలై, లేపినా లేవడం లేదు. దాని మీద గోడ తెరచాపలా ఊగుతోంది.

తాత మొహంలో వేళాకోళం లేదు. "ఎవరు పూడ్చారు?"

"నేనే, తాతా."

"అయితే నువ్వే తియ్యి. పైనుంచి కిందికి. చిన్నరాళ్లే. పెద్దదాన్ని కదిపావా, నువ్వూ ఆవూ ఒకే గోతిలో."

నింకే ఆవు పక్కన మోకాళ్ల మీద నిలబడి మొదటి రాయి లాగింది. ఆ సందులోంచి గాలి ఈల వేస్తూ వచ్చి చెంప మీద కొట్టింది. రెండో రాయికి ఇంకో ఈల, కాస్త బొంగురుది. మిగతా పిల్లలూ వచ్చి చేతులు వేశారు. రాయి ఊడేకొద్దీ ఈలలు ఒకదానిలో ఒకటి కలిసి, గోడంతా ఒకే రాగం అందుకుంది. ఆఖరి రాయి వచ్చేసరికి ఊగడం ఆగిపోయింది. గాలి మాత్రం ఇందాకటి కంటే గట్టిగా వీస్తోంది.

అప్పుడు వినబడింది నింకేకు. పక్క పొలం గోడ కూడా పాడుతోంది. దాని అవతలిది, ఆ అవతలిది, కొండమీద కనబడనంత దూరం దాకా దీవిలో ఉన్న ప్రతి గోడా పాడుతోంది. వచ్చిన రోజునుంచీ వింటూనే ఉంది, సముద్రపు హోరనుకుంది. కట్టినవాళ్ల పేర్లు కూడా మిగల్లేదు, గొంతు మిగిలింది. సందుల్లోంచి నురగ తెల్లపిట్టల్లా ఎగిరొస్తోంది.

ఆ పాట మధ్యలో దూడ నేలమీద పడింది. ఒళ్లంతా ఆవిరి. రెండుసార్లు కూలబడి మూడోసారికి నిలబడింది.

నింకే గోడకు చెవి ఆనించి చాలాసేపు ఉండిపోయింది. చివరికి మెల్లగా అడిగింది.

"తాతా... మరి ఆ గాడిద?"

దూడను గడ్డితో తుడుస్తున్న తాత వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. "ష్! డ్రిమిన్ వింటే తనూ పోతానంటుంది."

నింకే నవ్వలేదు. పడమటి ఆకాశం వైపు ఒకసారి చూసింది.