చెంచాడు చక్కెర

చేపల వేటకెళ్లిన నా మొగుడు సకెలారిస్ పడవ నిన్న ఉదయమే మా కలిమ్నోస్ దీవి రేవుకి చేరాలి. గాలివాన వెలిసినా చేరలేదు. తెల్లారేసరికి పొరుగింటి సెవస్తి నల్లబట్టలు కట్టుకుని దిగింది. ఎవరు రమ్మన్నారో ఆవిణ్ణి! పరామర్శంటే ఆవిడకి పెళ్లిభోజనంతో సమానం.

వస్తూనే వంటింట్లోకి పోయి బ్రీకి అందుకుంది. పొడుగు పిడి ఉన్న ఆ ఇత్తడి గిన్నెలో చన్నీళ్లు పోసి, కాఫీపొడి వేసి, చెంచాతో కలపసాగింది. చక్కెర డబ్బా మాత్రం ముట్టుకోలేదు. మా దీవిలో చావింట ఇచ్చేది చక్కెర లేని కాఫీయే.

"చక్కెరేది పిన్నీ?"

"ఇలాంటప్పుడు చేదే తాగాలమ్మాయ్. నీ మంచికే చెబుతున్నా, గుండె రాయి చేసుకో."

మా అత్త థెమెలీనా ఎప్పుడొచ్చిందో, గిన్నె లాక్కుని సింకులో కుమ్మరించేసింది.

"నా కొడుకు పేరు చెప్పి చేదు కాఫీ కాస్తావా? అంత చేదు కావాలంటే మీ ఇంటికి పోయి తాగవే!"

సెవస్తి మూతి ముడుచుకుని ముందుగదిలోకి పోయింది.

"నువ్వు కాయి. చక్కెర దండిగా వెయ్యి," అంటూ అత్త గిన్నె నా చేతిలో పెట్టింది. ఎలాగో నీళ్లు పోశాను, పొడి వేశాను. చెంచాతో చక్కెర ఎత్తానో లేదో, వంటింటి మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది.

వచ్చినవాడు మికేస్. రేవు ఆఫీసులో ఉద్యోగం, మా ఆయనతో కలిసి పెరిగిన మనిషి. టోపీ తలమీద లేదు, చేతిలో ఉంది. అతను నోరు తెరవబోతే అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందు కూచోరా. గొంతు తడుపుకోకుండా మాటలేంటి? కాఫీ ఎలా కాయమంటావు?"

నాకు ఒళ్లు మండింది. ఇప్పుడా ఈ మర్యాదలు! కానీ నిజం చెప్పాలంటే అతని మాట వినడానికి నాకూ ధైర్యం లేదు. నా చెంచా గిన్నె మీదే ఆగిపోయింది. ఈ కాఫీలో చక్కెర తర్వాత కలపడమంటూ ఉండదు. పొయ్యి వెలిగించకముందే తేలిపోవాలి.

"ఏదైనా పర్లేదు పిన్నీ..."

"ఏదైనా ఏంటిరా? చిన్నప్పట్నించీ నా చేతి కాఫీ పాకంలా తాగినోడివి. నోటితో చెప్పు. చక్కెర వెయ్యమంటావా, వద్దంటావా?"

మికేస్ నా వైపు చూశాడు, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"వద్దు పిన్నీ."

గోడకి ఆనుకున్నాను. ఏడుపు కూడా రాలేదు. అత్త నా చేతిలోంచి చెంచా తీసుకుని, ఒక్క పలుకైనా కింద పడకుండా చక్కెరని తిరిగి డబ్బాలో పోసి, మూత బిగించింది.

"పెద్ద బ్రీకి దించు," అంది. "ఇవాళ చాలామంది వస్తారు."