తవుడు పీపాలో అత్తగారి చెయ్యి

షట్టరు ఎత్తగానే మిత్సుయో చేసే మొదటి పని మోచేతి దాకా చెయ్యి కడుక్కోవడం. రెండో పని ఆ చేతిని తవుడు పీపాలో పెట్టడం. కోకురా ఊళ్ళో నది పక్కనే ఉన్న ఆ కప్పు బజారులో పొద్దు పొడిచిందో లేదో ఎవరికీ తెలియదు. పైన రేకులు, కింద ఎప్పుడూ తడిగా ఉండే నేల, మధ్యలో దీపాలు. మిత్సుయో పీపా కలిపితే తెల్లవారినట్టు. ఉప్పు వేసి నానబెట్టిన ఆ తవుడును రోజూ చేత్తోనే అడుగు నుంచి పైకి తిరగెయ్యాలి, గరిట పనికిరాదు. వానాకాలంలో ఒక్కరోజు బద్ధకించినా పైన బూజు కట్టి, లోపల ఊరుతున్న దోసకాయలూ వంకాయలూ ముల్లంగీ పాడైపోతాయి.

పీపా అడుగున అత్తగారి చెయ్యి ఉంటుంది.

తోమె గారు బతికున్నంతకాలం ఆ పీపా ఆవిడదే. అత్త పోయిన ఆర్నెల్లకి కోడలి కంట నీళ్ళొచ్చాయంటారు. మిత్సుయోకి ఆ వ్యవధి కూడా దొరకలేదు. దహనమైన మర్నాడు పొద్దున్నే తవుడులో చెయ్యి పెడితే, కింద నుంచి బక్కచెయ్యి ఒకటి ఉడుంపట్టు పట్టింది. చిటికెన వేలు కాస్త వంకర, అచ్చం తోమె గారిదే. "ముసలావిడ అంత తేలిగ్గా పని మానేస్తుందా?" అనుకుని బజారువాళ్ళు ఎవరి దుకాణాలకి వాళ్ళు పోయారు. కొనడానికొచ్చేవాళ్ళు మాత్రం "మీ అత్తగారి పట్టు ఇవాళ ఎలా ఉంది?" అని అడిగేవారు. గట్టిగా ఉందంటే ఇంకో దోసకాయ ఎక్కువ తీసుకునేవారు.

ఆ పట్టుకి అర్థం ఒకటేనని బజారంతా తేల్చేసింది. కోడలు అక్కణ్ణించి కదలకూడదు. మిత్సుయో కూడా అలాగే అనుకుంది. భర్త అత్తగారికంటే ముందే పోయాడు, ఇక కలిపేవాళ్ళెవరు? పెళ్ళిళ్ళకి వెళ్ళలేదు, చావులకి వెళ్ళలేదు. బజారంతా కలిసి వేన్నీళ్ళ బుగ్గల ఊరికి వెళ్తే తను పీపా దగ్గర కూర్చుంది. తవుడు వాసన చేతిలో ఇంకినట్టే అలసట కూడా ఒంట్లో ఇంకిపోయింది. పడుకుని లేచినా పోయేది కాదు.

అలా ఉండగా ఒక వానాకాలంలో ఉత్తరాన అకితాలో ఒంటరిగా ఉండే చెల్లెలు నోరియెకి కుడిచెయ్యి పడిపోయింది. రోజూ ఆ చేతికి ఏదో ఒక పని పెడితే మళ్ళీ కదలొచ్చని చెప్పి ఆసుపత్రివాళ్ళు ఇంటికి పంపారు. నోరియె ఆ చేతిని దుప్పటి కింద దాచేసింది. తిండి కూడా తగ్గించేసింది.

"అది నాది కాదక్కా," అంది ఫోనులో. "ఎవరి చెయ్యో తెచ్చి నా పక్కలో పడేసినట్టుంది. నువ్వు రావులే, నాకు తెలుసు."

ఆ చివరి మాట మిత్సుయోకి ముల్లులా దిగింది. మర్నాడు పీపాలో చెయ్యి పెట్టి కలిపినచోటే మళ్ళీ మళ్ళీ కలిపింది. ఎదురు దుకాణంలో ఇసాకో అలాంటి తవుడే వేసి చిన్నచేపలు ఉడికిస్తోంది.

"చెల్లెలి దగ్గరికి వెళ్ళరాదూ వదినా! పీపా నేను కలుపుతాగా."

"నీ చేతికి చేపల కంపు. మా అత్తగారు ఒప్పుకోదు."

"ఒప్పుకోకపోతే ఏం చేస్తుంది, గిల్లుతుంది. మా ఆయన కన్నా గట్టిగా గిల్లుతుందా ఏం?"

"ముందు నన్ను వదలాలిగా."

రోజూ కలపడం అవగానే వదిలే చెయ్యి ఆ రోజు వదల్లేదు. మిత్సుయో ఎడమ చేత్తోనే ముల్లంగి తూచింది, ఎడమ చేత్తోనే దణ్ణం పెట్టి పంపింది. మధ్యాహ్నానికి భుజం లాగేసింది.

"అత్తయ్యా, అలిసిపోయాను," అంది పీపాలోకి వంగి. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ పైకి అనలేదు, తోమె గారితో సహా. "నా చెల్లెలి దగ్గరికి వెళ్ళాలి. దానికి నేను తప్ప ఎవరూ లేరు."

పట్టు ఇంకా బిగిసింది. మిత్సుయోకి ఏడుపు ఆగలేదు.

"ఏడిస్తే ఉప్పెక్కువవుతుంది, చూసుకో," అంటూ ఇసాకో పొయ్యి తగ్గించి వచ్చింది. పీపాలోకి తొంగి చూసింది. "అవును గానీ వదినా, చెయ్యి పట్టుకున్నవాళ్ళంతా ఆగమనే అంటారా? రోడ్డు దాటేటప్పుడు మా అమ్మా పట్టుకునేది. వదలకపోతే వెంట తీసుకుపో."

"ఇంటి తవుడు గడప దాటకూడదుగా."

"అత్తారింటికి వెళ్ళే పిల్లకి గుప్పెడు ఇచ్చి పంపట్లేదూ? నువ్వూ ఆడపిల్లవే. కాస్త ముదిరావంతే."

తవుడులో అత్తగారి పట్టు వదులైంది. ఇంతకాలం తనకి తట్టనందుకు మిత్సుయోకి సిగ్గేసింది.

పీపాలో సగం ఇసాకోకి ఉంచి, మిగతాది మూతున్న గిన్నెలో నింపుకుని రైలెక్కింది. ఆ వాసనకి పక్క సీటాయన లేచి వేరేచోట కూర్చున్నాడు. కాళ్ళు చాపుకోవడానికి చోటు దొరికిందిలే అనుకుంది.

అకితాలో తెల్లవారగానే ఇసాకో ఫోను చేసింది. "పీపా కలిపాను వదినా. ఎవరూ గిల్లలేదు. అడుగుదాకా తడిమినా ఒట్టి దోసకాయలే."

మిత్సుయో గిన్నె తెచ్చి చెల్లెలి మంచం మీద పెట్టింది. దుప్పటి కింద నుంచి ఆ చేతిని తీసి మోచేతి దాకా కడిగింది.

"రాయిని కడుగుతున్నావక్కా," అంది నోరియె గోడవైపు తిరిగి.

"రోజూ కలపాలి. నా భుజం పడిపోయింది, ఇవాళ నువ్వు కలుపు."

ఆ చేతిని తవుడులోకి దించి తన చెయ్యి తీసేసింది. బయట వాన కురుస్తోంది. నోరియె మెల్లగా ఇటు తిరిగింది.

"అక్కా! ఎవరో పట్టుకున్నారు."

"మా అత్తగారు."

"గట్టిగా పట్టుకుంది. నొప్పెడుతోందక్కా." అలా అంటూనే నోరియె ఏడ్చేసింది. ఆ చేతికి నొప్పి తెలియడం జబ్బు చేశాక అదే మొదలు. "వదలమని చెప్పు."

"చెప్పినా వదలదే," అంది మిత్సుయో. మంచం పక్కన చాప మీద నడుం వాల్చింది. పైన గిన్నెలో తవుడు అడుగు నుంచి పైకి తిరుగుతున్న చప్పుడు వింటూ, పొద్దెక్కేదాకా ఒళ్ళెరగని నిద్ర పోయింది.