ఇల్లు కదలని నాలుగొందల మంది

మరదలిని లారీ గుద్దేసింది, వదిన కళ్లెదుటే. ఇద్దరూ బట్టల ఫ్యాక్టరీకి నడిచి వెళ్తున్నారు. నెల కిందట బస్సు తీసేశాక, వాడలోని నాలుగొందల మంది ఆడవాళ్లకూ లారీల రోడ్డు మీద ఆరు కిలోమీటర్ల నడకే గతి. నుజ్జయిన కాలిని డాక్టర్లు మోకాలి దాకా తీసేశారు.

మర్నాడు వదిన మరో నలుగురిని వెంటేసుకుని రవాణా ఆఫీసుకు వెళ్లింది. ఆఫీసరు తెర మీద ఊరి పటం చూపించాడు. ఫోన్లు ఎటు కదిలితే అటు ఎర్ర గీత పడుతుందట. గీత లావుగా ఉన్నచోటే బస్సట. వాడ దగ్గర వెంట్రుకంత గీత కూడా లేదు.

"మీ వాడలో ఎవరూ ఇల్లు కదలరమ్మా" అన్నాడాయన.

"మరి లారీ మా ఇంట్లోకొచ్చి గుద్దిందా సార్?"

ఆయన తర్వాతి వాళ్లను పిలిచాడు.

మెట్లు దిగుతుంటే వదినకు తట్టింది. ఫ్యాక్టరీలోకి ఫోను తేకూడదని యజమాని హుకుం. తెస్తే పని పోతుంది. అందుకే అందరూ ఫోన్లు ఇంట్లోనే వదిలేసి వస్తారు. ఫోను ఇంట్లో ఉంటే మనిషీ ఇంట్లోనే ఉన్నట్టట! ఒకడు ఫోను వద్దన్నాడు, ఇంకొకడు ఆ వంకతో బస్సు లాక్కున్నాడు. ఇద్దరికి ఇద్దరూ సరిపోయారు. వదినకు ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం కుళాయి దగ్గర అందరూ చేరారు. ఫోన్లు తీసుకునే నడుద్దామంది వదిన. పని పోతే పిల్లలకేం పెట్టాలని సగం మంది తిరగబడ్డారు. వాదులాట ముదిరింది. చివరికి కాజాలు కుట్టే పెద్దమ్మ లేచింది.

"ఒకర్నయితే తీసేస్తాడు. నాలుగొందల మందినీ తీసేసి చొక్కాలు వాడే కుట్టుకుంటాడా?"

మూడోనాడు పొద్దున్నే బయల్దేరారు, చేతుల్లో ఫోన్లతో. తన నడక కూడా పటంలో పడాలని ఆసుపత్రి మంచం మీంచి మరదలు తన ఫోను పంపింది. దాన్ని పెద్దమ్మ పట్టుకుంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలావాడు ఫోన్ల కోసం చెయ్యి చాపాడు. ఎవరూ ఇవ్వలేదు, ఆగనూ లేదు. తిన్నగా రవాణా ఆఫీసు దారి పట్టారు.

వదిన మేడెక్కేసరికి తెర మీద లావుపాటి ఎర్ర గీత. వాడలో మొదలై ఈ భవనం ముందు ఆగింది. మిషను చెడిందని ఆఫీసరు గుమాస్తా మీద అరుస్తున్నాడు.

"చెడలేదు సార్. అది మేమే. కిటికీలోంచి చూడండి."

ఆయన చూశాడు. చూసి పోలీసులకు ఫోను చేశాడు.

వదినను వ్యానులోకి తోసి, ఆమె ఫోను లాక్కున్నారు. ఆమె కిటికీ ఊచలు పట్టుకుంది. వ్యాను కదిలాక వెనక్కి చూసింది. రోడ్డు నిండా జనం, ఫోన్లు పైకెత్తి స్టేషను వైపే వస్తున్నారు. ముందు పెద్దమ్మ, రెండు చేతుల్లోనూ రెండు ఫోన్లు.

ఎంతమంది వస్తున్నారని కానిస్టేబులు అడిగాడు.

"అందరూ" అంది వదిన. "నడవలేని పిల్ల కూడా వస్తోంది."