చెక్క మీద కూర్చున్నవాడు

ఆసుపత్రి వరండా నడిచేకొద్దీ ఇరుకవుతోంది, పక్కన నా భార్య మాణిక్యం నడుస్తోంది, ఆమె పోయి పద్నాలుగు నెలలైందని నాకు తెలుసు, అయినా చేతిలో మందుల చీటీతో ఆమె గది ఏదా అని వెతుకుతూనే ఉన్నాను. ఒక తలుపు తోస్తే లోపల గది లేదు, చిన్నప్పుడు చీరాలలో మా ఇంటి వెనక ఉన్న మగ్గాల పాక ఉంది. అమావాస్య, నేతకు సెలవు, పెద్దవాళ్లెవరూ లేరు.

"కాసేపు కూర్చోండి, మోకాళ్ల నొప్పులంటారుగా," అంటుంది మాణిక్యం. కూర్చున్నాక తెలుస్తుంది, అది నేసేవాళ్లు కాళ్లు దింపుకునే మగ్గం గుంట మీద కప్పిన చెక్క. లేవబోతే లేవలేను. కింద నుంచి ఎవరో కొడుతున్నారు.

ఆమె నా ఎదురుగా నేల మీద కూర్చుని నా నవల రాతప్రతి ఒళ్లో పెట్టుకుంటుంది. నలభై ఏళ్లు నేను ఏది రాసినా ముందు ఆమెకు చదివి వినిపించాకే పత్రికకు పంపాను, ఇదొక్కటే వినిపించలేదు, ఆసుపత్రిలో తనే అడిగి తీసుకుంది, ఏమనుకుందో చెప్పకుండానే పోయింది.

"మీ కథలో ఈ పిల్లలు పొద్దున తోటి పిల్లాడికి జామకాయ కొరికి పెట్టారు. మధ్యాహ్నం గుంటలోకి దింపి పైన చెక్క వేశారు. మధ్యలో ఏమైందండీ?"

"ఏమీ కాలేదు. ఆట."

"వాడు ఏడిస్తే?"

"ఏడ్చాకే ఆట బాగుంది." ఆ మాట తొమ్మిదేళ్ల గొంతుతో నా నోట్లోంచి వస్తుంది, నా గొంతుకే నాకు భయమేస్తుంది.

"ఆ పిల్లల్లో వీరేశం చెక్క మీద కూర్చున్న చోటు చదవండి."

ఆమె చాచిన కాగితాలు అందుకుని చదవబోతాను, అక్షరాలు తెగిన పోగుల్లా జారిపోతున్నాయి, వీరేశం అనే పేరు నోటికి రావడం లేదు, నా కింద చెక్క ఒంటిలా వెచ్చబడుతోంది. మాణిక్యం లేచి తలుపు వైపు నడుస్తుంది.

"వెళ్లకు. చెప్తాను. కథలో ఒక చెడ్డవాడు కావాలని వీరేశాన్ని పుట్టించి, నన్ను పక్కన నిలబెట్టుకున్నాను. కూర్చున్నది నేను. గుంటలో ఉన్న నాంచారయ్యని వాళ్లమ్మ వెతుక్కుంటూ వస్తే, ఆ చెక్క మీదే కూర్చుని, మేం చూడలేదత్తా అన్నాను."

"బతికాడా?"

"బతికాడు. తలుపేసిన గదిలో మళ్లీ ఎప్పుడూ పడుకోలేదట."

ఆమె వెనక్కి వస్తుంది. "కూర్చున్నది మీరేనని తెలుసులెండి."

"ఎవరు చెప్పారు?"

"మీరే రాశారుగా, కింద నుంచి కొడితే ఆ దెబ్బ చెవికంటే ముందు తొడలకి తెలుస్తుందని. పక్కన నిలబడ్డవాడికి అదెట్లా తెలుస్తుంది? ఇన్నేళ్లు మీ రాతలు విన్నదాన్ని, ఆ మాత్రం పట్టుకోలేనా?"

"మరి నన్ను అడగలేదేం?"

"అడుగుదామనుకునేలోపు గొంతులో గొట్టం పెట్టారు," అని నవ్వుతుంది.

కింద చప్పుడు ఆగిపోతుంది, అది ఆగడం ఇంకా భయంగా ఉంది. "లేచి చెక్క తీయండి," అంటుంది. "నువ్వు ఉంటావా?" అంటే నా మోచేతి కింద చెయ్యి పెడుతుంది, నేను లేచి చెక్క అంచు కింద వేళ్లు పెడతాను.

మెలకువ వచ్చింది. మధ్యాహ్నం, కరెంటు పోయి ఫ్యాను ఆగింది, చొక్కా అంతా తడిసింది. ఆసుపత్రి నుంచి తెచ్చాక ఇన్నాళ్లూ విప్పని సంచి బీరువాలోంచి తీసి, రాతప్రతిలో ఆ అధ్యాయం తెరిచాను. వీరేశం పేరు ఉన్న ప్రతి చోటా దాన్ని కొట్టేస్తూ మాణిక్యం పెన్సిలుతో గీసిన ఒక గీత ఉంది. పైన మరే పేరూ రాయలేదు. రబ్బరుతో ఒక్కసారి తుడిస్తే పోయేంత తేలిగ్గా గీసింది.