తూటా చూసే వంతు

అప్పట్లో నేను దుబాయ్ అవతల రాస్ అల్ ఖైమా కొండల్లో ఒక రాళ్ల క్వారీలో టైమ్‌కీపర్‌ని. నెల్లూరు మీరా హుస్సేన్ అంటే క్యాంపులో అందరికీ తెలుసు. ఏ పనికి ఎవరు వెళ్లాలో రోజూ షీటు రాసేది నేనే. బండ పగలగొట్టడానికి రాతిలో పెట్టిన మందు తూటా ఒక్కోసారి పేలదు. గంట ఆగి ఎవరో ఒకరు దగ్గరికెళ్లి చూడాలి.

డ్రిల్లు పట్టే ఇద్రీస్ ఒకరోజు నా టేబుల్ దగ్గరికొచ్చాడు. సూడాన్ మనిషి. ఖార్తూంలో పంతులుగా చేశాడు. అమెరికా నల్లవాళ్లు రాసిన పుస్తకాలు అతని పెట్టెలో బట్టలకన్నా ఎక్కువుండేవి.

"ఆరు నెలల షీట్లు తియ్యి భాయ్. తూటా చూడ్డానికి ఎవరెవరు వెళ్లారో చదువు."

చదివాను. ఒకసారి ఇద్రీస్, ఒకసారి రాజలింగం. మూడో పేరు లేదు. రాజలింగం కరీంనగర్ వైపు మాదిగ.

"ఎవరు రాయమన్నారు?"

"ఎవరూ రాయమనలేదు. మీరిద్దరూ ధైర్యం గలవాళ్లని రాశాను."

"నేను నల్లవాణ్ణి, అతను మీ ఊళ్లలో ఎవరూ ముట్టనివాడు. ఇంతమందిలో ధైర్యం మా ఇద్దరికే వచ్చిందా?"

నాకు ఒళ్లు మండింది. అతను మాత్రం పాఠం చెబుతున్నట్టే మాట్లాడాడు. "నువ్వు చెడ్డవాడివని అనట్లేదు. నువ్వెంత మంచివాడివైనా ఈ షీటు ఇట్లాగే తయారవుతుంది. ద్వేషం ఎవరి మనసులో ఉందని వెతక్కు. ప్రమాదం ప్రతిసారీ ఎవరి మీదికి పోతోందో చూడు."

అందరికీ వంతులు వేసి ఆ షీటు మా మేనేజరు, ఇంగ్లీషు ముదీర్ దగ్గరికి తీసుకెళ్లాను. గొడవ పడడానికి సిద్ధమయ్యే వెళ్లాను. ఆయన తలెత్తకుండానే "నీ ఇష్టం" అన్నాడు. ఇన్నాళ్లూ ఇది నా చేతిలోనే ఉందన్నమాట. నిజం చెప్పొద్దూ, సిగ్గేసింది.

రెండు వారాలకు ఒక తూటా పేలలేదు. వంతు లచ్చన్నది. రాజలింగం ఊరివాడే, కాపు. షీటులో పేరు చూపిస్తే లచ్చన్న నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. అంతలో రాజలింగం లేచాడు.

"నువ్వుండు పటేలా, నేను జూసొస్త."

ఊళ్లో లేచినట్టే లేచాడు. లచ్చన్న వద్దనలేదు. ఇద్రీస్ ఉంటే ఆపేవాడేమో, ఆ రోజు అవతలి కొండ మీద ఉన్నాడు. ఆపాల్సింది నేను. నేనూ వద్దనలేదు.

తూటా పేలింది. రాజలింగం కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది.

డ్యూటీలో చెయ్యి పోతే కంపెనీ పరిహారం ఇవ్వాలి. ముదీర్ షీటు తెప్పించుకున్నాడు.

"ఇతని పేరు లేదే. తనంతట తానే వెళ్లాడు, ఖలాస్. టికెట్ కొని ఊరికి పంపించెయ్. డ్యూటీ ఇతనిది కాదు కదా?"

రాజలింగం నా కళ్లముందే వెళ్లాడని, నేను చూస్తూ ఊరుకున్నానని చెప్పాలి. చెబితే అది డ్యూటీ కిందికొచ్చి అతనికి పరిహారం వస్తుంది, నా ఉద్యోగం ఊడుతుంది.

"కాదు సార్. లచ్చన్నది."

అబద్ధం చెప్పమని నన్నెవరూ అడగలేదు. నేను చెప్పింది అబద్ధమూ కాదు.